మూగజీవాల తరఫు సభ్యురాలు

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా పెద్దల జీవితం గురించి రాయమని మన సంఘం మిత్రులు అడిగారు. ఇంజనీరును కాబట్టి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించో, కె.ఎల్. రావు గారి గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. వారి గురించి రాయగలవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామందే ఉన్నారు. నేను ఎంచుకున్నది రుక్మిణీదేవి అరండేల్ గారిని.

ఆ పేరు వినగానే మనకు భరతనాట్యం, మద్రాసులోని కళాక్షేత్రం గుర్తొస్తాయి. నాట్యం గురించి చెప్పేంత పరిజ్ఞానం నాకు లేదు. నేను చెప్పదలచుకున్నది ఆమె జీవితంలో అంతగా ప్రచారంలోకి రాని భాగం. ఆమె పదేళ్లు రాజ్యసభలో ఉన్నారు. ఆ తర్వాత తుదిశ్వాస విడిచేదాకా జంతు సంక్షేమ బోర్డును నడిపారు. నోరులేని జీవాల కోసం ఆమె చేసిన పనిని నేను రాజకీయం అనే అంటాను. జాలి చాలామందికి ఉంటుంది. ఎండలో కూలబడిన ఎద్దును చూసి అయ్యో అనుకోనివాళ్లు తక్కువ. ఆ జాలిని చట్టంలో సెక్షన్లుగా, బోర్డులో తీర్మానాలుగా, బండి మీద ఇన్ని కిలోలకు మించకూడదన్న అంకెలుగా మార్చగలిగినవాళ్లు మాత్రం అరుదు.

బిల్లు చట్టంగా మారే దశలను మనమంతా సివిక్స్ పాఠంలో బట్టీపట్టిన వాళ్లమే. మొదటి పఠనం, రెండో పఠనం, మూడో పఠనం, రెండో సభ ఆమోదం, రాష్ట్రపతి సంతకం. ఆ వరుసలో ఉపసంహరణ అనే మెట్టు ఎక్కడా లేదు. ఈమె కథలో మాత్రం అసలు మెట్టు అదే.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టారు. తండ్రి నీలకంఠశాస్త్రి పబ్లిక్ వర్క్స్ శాఖలో ఇంజనీరు. ఉద్యోగరీత్యా ఊళ్లు మారుతూ వచ్చిన కుటుంబం, ఆయన పదవీ విరమణ తర్వాత మద్రాసులోని అడయారులో, దివ్యజ్ఞాన సమాజం పక్కన స్థిరపడింది. ఆ సమాజానికి అప్పుడు అనీబిసెంట్ అధ్యక్షురాలు. మన మదనపల్లెలో 1915లో కళాశాల పెట్టిన బిసెంటమ్మ ఆమే. అడయారు వాతావరణంలో శాకాహారం, జీవకారుణ్యం, అన్ని మతాల పట్ల ఆదరం రోజువారీ మాటలు. రుక్మిణి ఆ మాటల మధ్య పెరిగారు.

1920లో, పదహారేళ్ల వయసులో, ఆమె జార్జ్ అరండేల్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన ఇంగ్లండు దేశస్థుడు, బిసెంటుకు కుడిభుజం. 1917లో హోంరూల్ ఉద్యమం రోజుల్లో ప్రభుత్వం బిసెంటుతో పాటు ఆయన్ని కూడా ఊటీలో నిర్బంధించింది. ఆయన వయసులో ఆమె కంటే పాతికేళ్లకు పైగా పెద్దవాడు. బ్రాహ్మణుల ఇంటి పిల్ల తెల్లదొరను పెళ్లాడటం మద్రాసులో పెద్ద దుమారం లేపింది. పత్రికలు రాశాయి, బంధువులు దూరమయ్యారు. నలుగురూ ఏమనుకుంటారో అనే భయం ఆమెకు ఆ వయసులోనే పోయి ఉంటుందని నాకనిపిస్తుంది. ఆ ధైర్యం తర్వాత ఢిల్లీలో అక్కరకొచ్చింది.

నాట్యం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయం ఆమెను నాట్యం వైపు తిప్పింది. నీ దేశపు కళను వెతుక్కో అని సలహా ఇచ్చింది కూడా పావ్లోవానే. 1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో దేవదాసీ కుటుంబానికి చెందిన కళాకారిణుల సదిర్ ప్రదర్శన చూశాక, పందనల్లూరు మీనాక్షి సుందరం పిళ్లె దగ్గర ఆమె శిష్యురాలయ్యారు. 1935లో అడయారులో బహిరంగంగా నాట్యం చేశారు. మరుసటి ఏడాది కళాక్షేత్రానికి పునాది వేశారు. ఆ నాట్యాన్ని తరతరాలుగా కాపాడుకొచ్చిన కుటుంబాల చేతుల్లోంచి అది పై కులాల చేతుల్లోకి జారిపోయిందన్న విమర్శ ఉంది. ఆ విమర్శను కొట్టిపారేయలేం. ఇక్కడ నేను గమనించమనేది ఆమె పనితీరును. సమాజం చిన్నచూపు చూసే ఒక విషయాన్ని ఎత్తుకోవడం, దానికి ఒక సంస్థ కట్టడం, ఆ సంస్థ తన తర్వాత కూడా నడిచేలా చూడటం. జంతువుల విషయంలో కూడా ఆమె చేసింది ఇదే.

1945లో భర్త చనిపోయారు. ఏడేళ్ల తర్వాత, కొత్త రాజ్యాంగం కింద మొదటి పార్లమెంటు ఏర్పడింది. సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సమాజసేవ రంగాల నుంచి పన్నెండు మందిని రాష్ట్రపతి ఎగువసభకు నామినేట్ చేయవచ్చని 80వ అధికరణం చెబుతుంది. 1952 నాటి ఆ తొలి పన్నెండు మందిలో శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, విద్యావేత్త జాకిర్ హుసేన్, మన నెల్లూరు ప్రాంతం నుంచి వెళ్లిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. రుక్మిణీదేవి కూడా ఉన్నారు. 1956లో మరోసారి నామినేట్ అయి 1962 దాకా సభలో కొనసాగారు. ఆ పదేళ్లూ సభాధ్యక్ష స్థానంలో ఉన్నది ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

నామినేటెడ్ సభ్యులంటే అలంకారానికి కూర్చోబెట్టినవాళ్లని అప్పుడూ అనుకునేవారు, ఇప్పుడూ అనుకుంటారు. వెనక పార్టీ ఉండదు. నియోజకవర్గం ఉండదు. ఓట్లు తెచ్చిపెట్టే బలం ఉండదు కనుక మంత్రులు భయపడాల్సిన పని కూడా ఉండదు. రుక్మిణీదేవి ఎంచుకున్న అంశానికైతే అసలు ఓట్లే లేవు. ఎద్దులు, గాడిదలు, సర్కసు కోతులు ఓటు వేయవు. పైగా 1952లో దేశం ముందున్నవి తిండిగింజల కొరత, కాందిశీకుల సమస్య, పంచవర్ష ప్రణాళిక. మనుషులకే దిక్కులేనప్పుడు పశువుల గోల ఏమిటని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పడం తేలిక కాదు.

అప్పటికి అమల్లో ఉన్నది 1890 నాటి చట్టం. దాన్ని చదివితే అందులోని లోటు ఇట్టే తెలుస్తుంది. వీధిలోనో, జనం వచ్చిపోయే చోటనో, వీధిలోని మనిషికి కనబడేలానో పశువును క్రూరంగా కొడితే అది నేరం. నాలుగు గోడల మధ్య, ఎవరి కంటా పడకుండా జరిగితే దాదాపుగా ఆ చట్టం పరిధిలోకే రాదు. అంటే ఆ చట్టం కాపాడింది చూసేవాడి మనసును, దెబ్బ తినే జీవాన్ని కాదు. జంతువు అంటే పెంపుడుదో, పట్టి బంధించినదో అని మాత్రమే దాని నిర్వచనం. ప్రయోగశాలల గురించి గానీ, సర్కసుల గురించి గానీ చెప్పుకోదగ్గ నిబంధనలు లేవు. ఈ విషయాలను నిత్యం పట్టించుకునే ఒక సంస్థ కూడా లేదు.

రుక్మిణీదేవి ఆ చట్టానికి అతుకులు వేయమని అడగలేదు. పూర్తిగా కొత్త చట్టం కావాలన్నారు. 1953లో జంతుహింస నివారణ బిల్లును ప్రైవేటు సభ్యురాలిగా సభలో ప్రవేశపెట్టారు. మంత్రి కాని సభ్యులు పెట్టే బిల్లుకు మన వ్యవస్థలో ఉండే స్థానం ఏపాటిదో అందరికీ తెలిసిందే. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి ఇప్పటి దాకా పార్లమెంటులో చట్టంగా మారిన ప్రైవేటు బిల్లులు పద్నాలుగే. చివరిది 1970లో వచ్చింది. మిగతావన్నీ చర్చకు వచ్చి, లేదా చర్చకైనా రాకుండా, కాలగర్భంలో కలిసిపోయినవే.

1954 మార్చిలో బిల్లు చర్చకు వచ్చింది. పశువుల రవాణా, బరువులు లాగే ఎద్దులు, ప్రయోగశాలల్లోని జంతువులు, వినోదం కోసం హింస, వధశాలల తీరు, ఇలా ఒక్కో అంశాన్ని తీసుకుని ఆమె సభ ముందు పెట్టారు. ఇది కేవలం దయాదాక్షిణ్యాల విషయం కాదనీ, బుద్ధుడిని, అశోకుడిని తలచుకుని గర్వపడే దేశం తన నడవడికను తాను చూసుకోవలసిన విషయమనీ ఆమె వాదన సారాంశం. అశోకుడి సింహాలను రాజముద్రగా, ధర్మచక్రాన్ని జెండాలో పెట్టుకుని అప్పటికి కొన్నేళ్లే అయింది. ఆ వాదన తగలాల్సిన చోట తగిలింది.

ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా లేచి మాట్లాడారు. బిల్లు ఉద్దేశాన్ని మెచ్చుకున్నారు. అయితే ఇంత విస్తృతమైన అంశాన్ని ప్రభుత్వమే పరిశీలించి, సమగ్రమైన చట్టం తేవడం మేలన్నారు. ప్రభుత్వం ఆ బాధ్యత తీసుకుంటుందని మాట ఇచ్చి, బిల్లును ఉపసంహరించుకోమని ఆమెను కోరారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆమె స్థానంలో మనల్ని ఊహించుకుందాం. ఏడాదికి పైగా పడ్డ శ్రమ చేతిలో ఉంది. సభ సానుభూతి ఉంది. పత్రికల్లో పేరు వస్తోంది. పరిశీలిస్తామన్న ప్రభుత్వ హామీ ఎంత కాలం సాగుతుందో ఉద్యోగాలు చేసిన మనలో ఎవరికీ కొత్త కాదు. పరిశీలనలో ఉంది అని ఒక ఫైలు మీద రాస్తే, ఆ ఫైలు ఒక తరం పాటు పరిశీలనలోనే ఉండగలదు. బిల్లును వదలకుండా ఓటింగు పట్టుబట్టి ఓడిపోతే, కనీసం పోరాడి ఓడిందన్న పేరైనా మిగులుతుంది. వదిలేస్తే ఆ పేరు కూడా దక్కకపోవచ్చు.

ఆమె వదిలేశారు. బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ మాట ఇచ్చింది ఎవరో, ఎక్కడ ఇచ్చారో ఆమె లెక్కలోకి తీసుకున్నారని నేననుకుంటాను. సభలో ఒక ప్రధాని ఇచ్చిన మాట రికార్డులకెక్కుతుంది. దాన్ని గుర్తు చేస్తూ ఉండటానికి ఆమెకు ఇంకా ఎనిమిదేళ్ల కాలం ఉంది. తన పేరు మీద ఓడిపోయే బిల్లు కంటే ప్రభుత్వం పేరు మీద గెలిచే బిల్లు పశువులకు ఎక్కువ ఉపయోగం.

ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. అందులో ఆమె కూడా సభ్యురాలు. ఆ తర్వాత ముసాయిదా, చర్చలు, మార్పులు. 1954లో ఇచ్చిన మాట 1960లో నెరవేరింది. ఆ ఏడాది డిసెంబరు 26న రాష్ట్రపతి ఆమోదంతో జంతుహింస నివారణ చట్టం 1960 సంవత్సరపు 59వ చట్టంగా పుస్తకాలకెక్కింది. ఉపసంహరణకీ చట్టానికీ మధ్య ఆరేళ్లకు పైగా పట్టింది.

ఆ చట్టంలో ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్నది నిష్పాక్షికంగా చూడాలి. దక్కినవి చిన్నవేమీ కావు. జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవి అని నిర్వచనం మారింది. వీధి, ఇల్లు అనే తేడా పోయింది. పశువు ఎవరి అధీనంలో ఉందో వారు దాని మంచిచెడ్డలు చూడటం బాధ్యత అని 3వ సెక్షను చెప్పింది. కొట్టడం, శక్తికి మించి బరువు మోయించడం, కదలడానికి వీల్లేని బోనులో పెట్టడం, తిండీ నీళ్లూ ఇవ్వకపోవడం, జంతువుల మధ్య పోట్లాటలు పెట్టడం వంటివన్నీ 11వ సెక్షనులో నేరాలుగా చేరాయి. పాలు ఎక్కువ రావాలని ఆవులకు, గేదెలకు చేసే క్రూరమైన పనులకు విడిగా మరింత కఠినమైన శిక్ష పెట్టారు. సర్కసుల్లాంటి ప్రదర్శనల జంతువులకు రిజిస్ట్రేషను వచ్చింది.

దక్కనివి కూడా ఉన్నాయి. ఏ మతం వారైనా తమ ఆచారం ప్రకారం జంతువును వధిస్తే అది నేరం కాదని 28వ సెక్షను మినహాయించింది. ప్రయోగాలను చట్టం నిషేధించలేదు. వాటి మీద ఒక కమిటీ పర్యవేక్షణ పెట్టింది. పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములతో బోధించగలిగిన చోట ప్రాణుల మీద ప్రయోగాలు మానాలనీ, కేవలం చేతి నైపుణ్యం కోసం చేయకూడదనీ చూడటం ఆ కమిటీ పనుల్లో చేరింది. విశ్వవిద్యాలయాల జువాలజీ ల్యాబుల్లో కప్పల కోత నిలిపివేయాలని యూజీసీ 2014లో చెప్పింది. ఆ ఆలోచన విత్తనం ఈ చట్టంలోనే ఉంది. మన సైన్సు మాస్టార్లు ఈ సంగతి గమనించాలి.

జీవితాంతం శాకాహారిగా ఉండి, అంతర్జాతీయ శాకాహార సంఘంలో ఉపాధ్యక్షురాలిగా పనిచేసిన మనిషికి ఈ మినహాయింపులు మింగుడుపడేవి కావు. అయినా వాటి కోసం చట్టాన్నే కాదనుకోలేదు. వచ్చినదాన్ని పట్టుకుని, దాన్ని పని చేయించడం మీద దృష్టి పెట్టారు. అన్నీ లేదా ఏమీ వద్దు అనేవాళ్లకు ఇది రాజీగా కనబడుతుంది. నాకు మాత్రం సైటు మీద పనిచేసే మనిషి తీరు కనబడుతుంది. మంజూరైన ఎస్టిమేటు అడిగినదానిలో సగమే అయితే, ఆ సగంతో ముందు పునాది పోసుకోవాలి.

ఆ పునాది పేరు జంతు సంక్షేమ బోర్డు. చట్టంలోని 4వ సెక్షను కింద 1962లో అది ఏర్పడింది. చట్టం ద్వారా ఏర్పడిన ఇలాంటి సంస్థ ప్రపంచంలో అదే మొదటిదని బోర్డు చెప్పుకుంటుంది. కార్యాలయం మద్రాసులో పెట్టారు. మొదటి అధ్యక్షురాలు రుక్మిణీదేవి. రాజ్యసభ సభ్యత్వం ముగిసింది కూడా ఆ ఏడాదే. సభలో కుర్చీ పోయినా పని పోలేదు. బోర్డులో లోక్‌సభ నుంచి నలుగురు, రాజ్యసభ నుంచి ఇద్దరు సభ్యులు ఉండాలని చట్టంలోనే ఉంది. అందువల్ల పార్లమెంటుతో లంకె తెగలేదు. రాష్ట్రాల్లోని సంఘాలకు గుర్తింపు ఇవ్వడం, పశువుల ఆశ్రయాలకు గ్రాంట్లు ఇవ్వడం, నియమాలు చేయమని కేంద్రానికి సలహా ఇవ్వడం బోర్డు పనులు. 1986 దాకా, అంటే ఇరవై నాలుగేళ్లు, ఆ కుర్చీలో ఆమే ఉన్నారు.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరైన ముచ్చట ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్రామీణ రోడ్ల పనుల మీద తిరిగేటప్పుడు, బండ్లకు కట్టే పశువుల గురించి 1965లో వచ్చిన నియమాలు నా చేతికి వచ్చాయి. ఆమె అధ్యక్షతన బోర్డు పనిచేస్తున్న కాలంలో కేంద్రం చేసిన నియమాలు అవి. అందులో ఒక పట్టిక ఉంది. మధ్యరకం ఎద్దు లాగే రెండు చక్రాల బండికి మామూలు చక్రాలైతే 700 కిలోలు, గాలి టైర్లు ఉంటే 1050 కిలోలు, బాల్ బేరింగులు ఉంటే 1400 కిలోలు. అంటే బేరింగు వేయిస్తే అదే ఎద్దు అదే కష్టంతో రెట్టింపు సరుకు లాగుతుంది. బండివాడి మీద కేకలు వేయడం కంటే అతని ఇరుసు బాగుచేయడం మంచి దారి అని ఆ అంకెలు చెబుతున్నాయి. ఎద్దుకీ మేలు, యజమానికీ మేలు.

అదే నియమాల్లో మరో మాట ఉంది. కిలోమీటరుకు తక్కువ కాని ఎత్తు ఎక్కాల్సి వచ్చి, ముప్పై మీటర్లకు మూడు మీటర్ల కంటే నిటారుగా ఉంటే, మోసే బరువు సగానికి తగ్గించాలి. లెక్క వేసి చూడండి. టన్ను బరువును పదికి ఒకటి చొప్పున వాలున్న ఎత్తుకు లాగాలంటే, చక్రాల రాపిడి పక్కన పెట్టినా, దాదాపు వంద కిలోల లాగుడు అదనంగా కావాలి. ఎద్దు రోజంతా నిలకడగా లాగగలిగేది సుమారుగా దాని ఒంటి బరువులో పదో వంతు. నాలుగు వందల కిలోల ఎద్దు అనుకుంటే నలభై కిలోలు. జత కట్టినా ఎనభైకి మించదు. సగం చేయమన్న నియమం దయతో రాసినట్టుంటుంది గానీ, గణితంతో రాసిందే.

రోజుకు తొమ్మిది గంటలకు మించి కట్టకూడదు. విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టకూడదు. ముల్లుగర్ర వాడకూడదు. గాడిద మీద 50 కిలోలకు మించి వేయకూడదు. మన జిల్లాల వేసవిని తలచుకుంటే, ఆ మధ్యాహ్నం నియమం విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. చెరకు బళ్లు, ఇసుక బళ్లు నడిచిన రోజుల్లో ఈ నియమాలు ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న. ఎద్దు మెడ మీద కాడి పుండును చూసి కన్నీరు పెట్టుకోవడం ఒక దశ. ఆ పుండు ఎందుకు పడుతోందో, ఎన్ని కిలోల దగ్గర ఆగితే పడకుండా ఉంటుందో రాసిపెట్టడం తర్వాతి దశ. రుక్మిణీదేవి రాజకీయం మొదటి దశ నుంచి రెండో దశకు సాగిన ప్రయాణం.

1977 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఎన్నికల్లో గెలిచి కొత్తగా ప్రధాని అయిన మొరార్జీ దేశాయ్, రాష్ట్రపతి పదవికి నిలబడమని రుక్మిణీదేవిని అడిగారు. నామినేటెడ్ సభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేదు. పదేళ్లు పార్లమెంటులో ఉండి కూడా ఆ ఎన్నికలో ఓటు వేయలేకపోయిన మనిషికి ఆ పదవే ఎదురొచ్చింది. అప్పటిదాకా దేశానికి మహిళా రాష్ట్రపతి లేరు. ఒప్పుకుని ఉంటే, 2007లో ప్రతిభా పాటిల్ గారికి దక్కిన ఆ స్థానం ముప్పై ఏళ్ల ముందే ఆమెది అయ్యేది.

ఆమె వద్దన్నారు. కళాక్షేత్రాన్ని, తన పనిని వదిలి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఆ ఏడాది జులైలో మన అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి గారు పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. సంజీవరెడ్డి గారు చిన్నప్పుడు చదువుకున్నది అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి హైస్కూల్లోనే.

1954లో బిల్లును, 1977లో పదవిని, రెండుసార్లూ ఆమె వదులుకున్నది తన పేరుకు సంబంధించినదే. రెండుసార్లూ నిలుపుకున్నది పనిని. మొరార్జీ ప్రభుత్వమే 1978 ఏప్రిల్ నుంచి విదేశీ ప్రయోగశాలలకు కోతుల ఎగుమతిని ఆపేసింది. జంతు సంక్షేమం కోరేవారు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చిన నిర్ణయం అది.

1986 ఫిబ్రవరి 24న రుక్మిణీదేవి మద్రాసులో కన్నుమూశారు. మా బ్యాచ్ అప్పుడు పదో తరగతి పరీక్షలకు సిద్ధమవుతోంది. ఆ తర్వాత పార్లమెంటు చట్టం ద్వారా కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. జంతు సంక్షేమ బోర్డు కార్యాలయం చెన్నై నుంచి 2018లో హర్యానాకు తరలిపోయింది.

ఆమె చట్టం ఇంకా నడుస్తోంది. సంక్రాంతి వస్తే గోదావరి జిల్లాల్లో కోడిపందేల మీద కోర్టుల్లో వాదనలు జరుగుతాయి. ఆ వాదనలకు ఆధారం పందేల చట్టంతో పాటు 1960 చట్టంలోని 11వ సెక్షనే. 2014లో జల్లికట్టును సుప్రీంకోర్టు ఆపినప్పుడు, కేసు వేసినవారిలో ఆమె నిలబెట్టిన బోర్డు ఉంది. 2023లో తమిళనాడు తెచ్చిన సవరణను అదే కోర్టు సమర్థించినప్పుడు చర్చ జరిగింది కూడా ఆ చట్టం చుట్టూనే. హైదరాబాదులో 1992లో బ్లూక్రాస్ స్థాపించిన అక్కినేని అమల గారు కళాక్షేత్రంలో నాట్యం నేర్చుకున్నవారే. గాయపడిన వీధికుక్క కోసం హైదరాబాదులో ఎవరైనా ఫోను చేస్తున్నారంటే, ఆ గీత ఎక్కడో అడయారు దాకా వెళుతుంది.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. 11వ సెక్షను కింద మొదటిసారి నేరానికి జరిమానా నేటికీ పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా ఉంది. ఆనాటికి అది కూలివాడి కొన్ని రోజుల సంపాదన. ఈనాడు రెండు టీలు తాగితే అయిపోయే డబ్బు. పెంచాలని కేంద్రం 2022లో ఒక సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. 1954లో సభలో ఆమె ఎవరికోసం మాట్లాడారో, ఆ జీవాలకు ఇప్పటికీ ఓట్లు లేవు. కాబట్టి ఆ అంకె మారాలంటే ఓటున్నవాళ్లే అడగాలి.

మన పూర్వ విద్యార్థుల్లో లాయర్లున్నారు, పశువైద్యులున్నారు, ప్రజాప్రతినిధులున్నారు, పాఠాలు చెప్పే మాస్టార్లున్నారు. సభలో మాట్లాడే అవకాశం అందరికీ రాదు. కానీ మన ఊళ్లో పశువుల సంత జరిగే చోట నీళ్ల తొట్టి ఉందో లేదో చూడటానికి ఎవరి నామినేషనూ అక్కర్లేదు. 1965 నాటి ఆ పట్టికను తెలుగులో రాయించి మార్కెట్ యార్డు గోడ మీద పెట్టించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. మన సంఘం స్వర్ణోత్సవ కార్యక్రమాల జాబితాలో దీన్ని కూడా చేర్చమని కార్యవర్గానికి నా మనవి. బోర్డు డిజైను, రంగుల ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.